లైబ్రరీ రీసెర్చ్ ఆన్‌లైన్‌లో నేర్పుతున్నారా? ముందు మీ స్క్రీన్ షేరింగ్ ఆపండి

పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లో ఎలా వెతకాలో ఆన్‌లైన్‌లో చెప్పమంటే చాలామంది స్క్రీన్ షేర్ చేసి, గంటసేపు తామే క్లిక్ చేస్తూ పోతారు. పిల్లలు చూస్తారు, చాట్‌లో థాంక్యూ పెడతారు, అసైన్‌మెంట్ రాగానే మళ్లీ మొదటికొస్తారు. యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా నేను గట్టిగా నమ్మేదేమిటంటే, క్లాసులో కనబడాల్సింది విద్యార్థి స్క్రీన్. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది.

మెనూలు, బటన్ల సంగతి చిన్న వీడియోలుగా తీసి ముందే పంపేయండి. ఒక్కో వీడియోకి ఒక్కటే పని. లాగిన్ గురించి తప్పకుండా చెప్పండి: జర్నల్ సైట్ డబ్బు అడిగిన వ్యాసమే లైబ్రరీ లాగిన్‌తో వెళితే తెరుచుకోవచ్చని చాలామందికి తెలియదు.

లైవ్ క్లాసంతా ఒకే ప్రశ్న మీద నడపండి. ఉదాహరణకు, రాత్రిపూట సోషల్ మీడియా వాడితే కాలేజీ విద్యార్థుల నిద్ర పాడవుతుందా? ఒకరిని వెతకమంటే వాక్యం మొత్తం సెర్చ్ బాక్సులో కొట్టేస్తారు. వద్దనకండి, ఏమొచ్చిందో చదవనివ్వండి. తర్వాత అందరూ రాయగలిగే డాక్యుమెంట్‌లో మూడు గడులు గీసి, అసలు మాటలు ఏరించండి: సోషల్ మీడియా, నిద్ర, విద్యార్థులు. ఒక్కోదాని కింద పరిశోధకులు వాడే వేరే మాటలు వాళ్లే రాయాలి. నిద్ర కింద స్లీప్ క్వాలిటీ, స్లీప్ డ్యురేషన్, ఇన్‌సోమ్నియా, ఇలా. ఏమీ తట్టకపోతే దొరికిన మొదటి వ్యాసంలో కీవర్డ్స్ చూడమనండి. క్లాసులో సగం సమయం దీనికే పోయినా సరే, తొందరపెట్టకండి. వెతకడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

ఇక కలపడం తేలిక. ఒకే గడిలోని మాటల మధ్య ఆర్ (OR), గడికీ గడికీ మధ్య యాండ్ (AND), ఒక్కో గడి చుట్టూ బ్రాకెట్లు. ఆర్ పెడితే ఫలితాలు పెరుగుతాయని, యాండ్ పెడితే తగ్గుతాయని మీరు చెప్పొద్దు. అంకె మారడం వాళ్లనే చూడనివ్వండి.

పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ వాడొద్దంటే ఎవరూ వినరు. దాన్నే సరిగ్గా వాడటం నేర్పండి. ఒక వ్యాసం కింద 'సైటెడ్ బై' నొక్కితే దాన్ని ప్రస్తావిస్తూ తర్వాత వచ్చిన పరిశోధన దొరుకుతుంది. అయితే సైటేషన్లు (ఇతర వ్యాసాల్లో ప్రస్తావనలు) ఎక్కువుంటే మంచి వ్యాసమేనన్న నమ్మకం పోగొట్టాలి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన వ్యాసాన్ని వెతికించండి. 12 మంది పిల్లల మీద రాసిన ఆ వ్యాసాన్ని 2010లో జర్నలే వెనక్కి తీసుకుంది. అయినా సైటేషన్లు వేలల్లో కనిపిస్తాయి. నాలుగైదు తెరిపించి, ఎందుకు ప్రస్తావించారో అడగండి. ఖండించడానికి ప్రస్తావించినవాళ్లూ కనబడతారు.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్స్ తెస్తే, అందులోని డీఓఐని (ఒక్కో వ్యాసానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు, లింకులా తెరుచుకుంటుంది) క్లాసులోనే తెరిపించండి. ఒక్కోసారి అది ఎక్కడికీ వెళ్లదు, ఒక్కోసారి సంబంధం లేని వ్యాసం వస్తుంది.

మార్కులకు క్విజ్ వద్దు, సెర్చ్ డైరీ రాయించండి. తేదీ, డేటాబేస్, వాడిన మాటలు, ఎన్ని ఫలితాలు, తర్వాత ఏం మార్చారు, ఎందుకు. ఎక్కువ మార్కులు ఆ 'ఎందుకు'కే ఇవ్వండి. అది ఖాళీగా ఉంటే పక్కన ఒక ప్రశ్న రాసి తిప్పి పంపండి. జవాబు మాత్రం మీరు రాయకండి.