పురుగులు గడ్డకట్టే చలిని ఎలా తట్టుకుంటాయో ఇంట్లో చూపించే పద్ధతి

హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. అందువల్ల నీరు గడ్డకట్టే చలిలో ఒక చిన్న పురుగు నెలల తరబడి ఎలా బతుకుతుందన్నది ఇక్కడి పిల్లలకు మాటలతో చెప్పడం కన్నా కళ్లకు చూపించడం మేలు. అందుకు మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్, ఇంట్లోని ఫ్రీజర్ చాలు. చలిదేశాల్లో చాలా పురుగులు శీతాకాలానికి ముందు తమ ఒంట్లో తయారుచేసుకునేది ఈ పదార్థాన్నే.

మూడు చిన్న స్టీలు గిన్నెలు తీసుకోండి. నీరు మంచుగా మారేటప్పుడు వ్యాకోచిస్తుంది కనుక గాజువి వద్దు. మొదటి గిన్నెలో వట్టి నీరు, రెండవదానిలో తొమ్మిది చెంచాల నీటికి ఒక చెంచా గ్లిజరిన్, మూడవదానిలో రెండూ సమపాళ్లలో పోయండి. గ్లిజరిన్ నీటికన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది. అందుకే పూర్తిగా కరిగేదాకా ఓపికగా కలిపి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి.

ఫ్రీజర్ సాధారణంగా −18 డిగ్రీల దగ్గర ఉంటుంది. తెల్లవారేసరికి మొదటి గిన్నెలో గట్టి మంచుగడ్డ ఉంటుంది. మూడవది చిక్కబడినా ద్రవంగానే ఉంటుంది. అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినది రెండవ గిన్నె. అందులోని మంచు ఐస్‌గోలాలా మెత్తగా ఉంటుంది, ఎందుకంటే నీటిలో కొంత భాగం మంచుపలుకులుగా విడిపోగా, మిగిలిన నీరు గ్లిజరిన్‌తో చిక్కబడి ఆ పలుకుల మధ్య గడ్డకట్టకుండా నిలుస్తుంది.

ఉత్తర అమెరికాలో గోల్డెన్‌రాడ్ అనే పసుపుపూల మొక్క కాండం ఉబ్బి ఏర్పడే బుడిపెల్లో ఈ రెండు మార్గాలూ కనిపిస్తాయి. అందులో పెరిగే ఒక ఈగ లార్వా రెండవ గిన్నె వంటిది: ఒంట్లో మంచు ఏర్పడినా, అది ముఖ్యంగా కణాల వెలుపలే ఉండడం వల్ల బతుకుతుంది. అదే మొక్క మీద మరో రకం బుడిపెలో ఉండే చిమ్మటపురుగు మూడవ గిన్నె వంటిది. సుమారు −38 డిగ్రీల వరకు దాని ఒంట్లోని ద్రవం గడ్డకట్టదు. ఇలా గడ్డకట్టకుండా ఉండడానికి గ్లిజరిన్ ఒక్కటే చాలదు. మంచుపలుకు మొదలవడానికి ధూళికణమో మేత తునకో ఆధారమవుతుంది కనుక, ఈ మార్గాన్ని పట్టే పురుగులు చాలావరకు చలికి ముందే మేత మాని పేగులను ఖాళీ చేసుకుంటాయి.

పిల్లలు తప్పక అడుగుతారు కాబట్టి ముందే చెప్పండి: కరివేపాకు చెట్టు మీది గొంగళిపురుగును ఫ్రీజర్‌లో పెట్టకూడదు. చలిదేశాల పురుగులు పగటివేళ తగ్గడాన్ని గుర్తించి, వారాల తరబడి సిద్ధపడతాయి. ఆ సన్నాహం లేని మన పురుగు చనిపోతుంది.