'గా' కనిపించగానే 'లీ' తగిలిస్తే వచ్చే తప్పులు

తెలుగు మీడియంలో చదివి నల్లగొండ, పాలమూరు కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్లకు ఇంగ్లిష్‌లో ఈ తప్పులు పదేపదే ఎదురవుతాయి. తెలుగులో 'గా' వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిష్ మాట చివర 'లీ' (-ly) చేర్చేస్తారు.

సమస్య: 'బత్తాయి తియ్యగా ఉంది' అనడానికి 'ద బత్తాయి టేస్ట్స్ స్వీట్లీ' అని రాస్తారు.

కారణం: తెలుగులో 'గా' రెండు పనులు చేస్తుంది. 'మెల్లగా నడిచాడు'లో నడక ఎలా ఉందో చెబుతుంది, 'తియ్యగా ఉంది'లో బత్తాయి ఎలా ఉందో చెబుతుంది. ఇంగ్లిష్‌లో మొదటిదానికి అడ్వర్బ్ (క్రియా విశేషణం, చాలావరకు 'లీ'తో ముగుస్తుంది), రెండోదానికి అడ్జెక్టివ్ (విశేషణం) రావాలి.

పరిష్కారం: టేస్ట్, స్మెల్, ఫీల్, లుక్, సౌండ్ వచ్చినప్పుడు ఆ క్రియ తీసేసి 'ఈజ్' పెట్టి చూడండి. 'ద బత్తాయి ఈజ్ స్వీట్' అర్థం చెడకుండా కుదిరింది కాబట్టి 'టేస్ట్స్ స్వీట్' సరైనది. అదే 'షీ లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద బిల్' తీసుకోండి. అక్కడ ఆమె బిల్లును పరీక్షగా చూస్తోంది. 'ఈజ్' పెడితే వాక్యం విరిగిపోతుంది, అందుకే 'లీ' ఉండాల్సిందే.

ఇంటర్వ్యూలో అన్నిటికంటే నష్టం చేసేది 'ఐ వర్క్డ్ హార్డ్లీ'. కష్టపడ్డానని చెప్పబోయి, పనే చేయలేదన్నట్టు వినిపిస్తారు. 'హార్డ్'కు 'లీ' చేరితే అర్థమే మారిపోతుంది. కష్టపడితే 'ఐ వర్క్డ్ హార్డ్', పెద్దగా చేయకపోతే 'ఐ హార్డ్లీ వర్క్డ్'. చోటు కూడా గుర్తుపెట్టుకోండి: 'హార్డ్' క్రియ తర్వాత, 'హార్డ్లీ' సాధారణంగా క్రియకు ముందు. ఇంకోటి, 'హార్డ్లీ'లోనే 'లేదు' ఉంది. మనం 'పెద్దగా చదవలేదు' అంటాం కదా, ఆ అలవాటుతో 'డిడ్ నాట్ హార్డ్లీ' అనేస్తారు. 'నాట్' తీసేయాలి.

'లేట్', 'లేట్లీ' కూడా ఇంతే. దేవరకొండ బస్సు ఆలస్యంగా వస్తే 'కేమ్ లేట్'. 'లేట్లీ' అంటే ఈ మధ్య. 'ద బస్ హ్యాజ్ బీన్ లేట్ లేట్లీ' అంటే బస్సు ఈ మధ్య ఆలస్యమవుతోందని. 'నియర్' దగ్గర, 'నియర్లీ' దాదాపు.

'ఫాస్ట్లీ' అనే మాట వాడుకలో లేదు. 'రన్ ఫాస్ట్' చాలు.

'హీ స్పోక్ ఫ్రెండ్లీ' కూడా తప్పే. నౌన్‌కు (నామవాచకానికి) 'లీ' చేరితే సాధారణంగా అడ్జెక్టివ్ వస్తుంది, అడ్జెక్టివ్‌కు చేరితే అడ్వర్బ్ వస్తుంది. 'ఫ్రెండ్' నౌన్ కాబట్టి 'ఫ్రెండ్లీ' అడ్జెక్టివ్, అందుకే 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాలి.

'మంచి', 'బాగా' తేడా తెలిసినవాళ్లకు 'గుడ్', 'వెల్' కష్టం కాదు: మంచి ఇంగ్లిష్ 'గుడ్ ఇంగ్లిష్', బాగా మాట్లాడితే 'స్పీక్స్ వెల్'. ఒంట్లో బాగుందనడానికి మాత్రం 'ఐ యామ్ వెల్' అంటారు. అక్కడ 'వెల్' అడ్జెక్టివే.