పైథాన్‌లో తెలుగు మాట వెతకాలంటే ఏం చేయాలి

మాట ఉందో లేదో తెలిస్తే చాలు అనుకుంటే ఇన్ వాడండి, ఇంకేమీ అక్కర్లేదు. "కల" ఇన్ వాక్యం అని రాస్తే ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్ వస్తుంది. (పేర్లన్నీ ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, ఎడిటర్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొట్టుకోండి.)

ఎక్కడ ఉందో కూడా కావాలంటే ఫైండ్. సున్నా నుంచి లెక్కపెట్టి మొదట దొరికిన చోటు చెప్తుంది, దొరక్కపోతే -1 ఇస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ఇఫ్ పక్కన నేరుగా ఫైండ్ పెట్టేస్తారు, అది మాత్రం చేయకండి. మాట స్ట్రింగ్ (వెతుకుతున్న టెక్స్ట్) మొదట్లోనే ఉంటే వచ్చేది 0, దాన్ని ఇఫ్ "లేదు" అని తీసుకుంటుంది. మాట అసలు లేకపోతే వచ్చేది -1, అది సున్నా కాదు కాబట్టి "ఉంది" అని తీసుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు, ఫలితం తలకిందులవుతుంది అంతే. ఇండెక్స్ కూడా ఫైండ్ పనే చేస్తుంది కానీ మాట లేకపోతే వాల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, కాబట్టి ప్రతి లైన్‌లో కోలన్ ఉండి తీరాల్సిన ఫైల్ లాంటిది చదువుతున్నప్పుడు ఫైండ్ కన్నా ఇండెక్సే మేలు, తప్పు లైన్ అక్కడికక్కడే బయటపడుతుంది.

చివరినుంచి వెతకడానికి ఆర్‌ఫైండ్, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కకు కౌంట్. కౌంట్ ఒకదానిమీద ఒకటి పడే వాటిని లెక్కపెట్టదు, "లలల"లో "లల" ఎన్ని అంటే 1 అనే చెప్తుంది. ఇంగ్లిష్ మాటలైతే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పోవడానికి రెండు వైపులా కేస్‌ఫోల్డ్ చేసి వెతకండి.

ఇంతవరకు ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. తెలుగు టెక్స్ట్ మీద పనిచేసేవాళ్లకు అసలు పని ఇక్కడినుంచి మొదలవుతుంది, దీని గురించి మన పాఠాల్లో దాదాపు ఎవరూ చెప్పరు.

పైథాన్‌కు మన అక్షరం తెలీదు, దానికి తెలిసింది కోడ్ పాయింట్లే, అంటే యూనికోడ్ అనే ఉమ్మడి పట్టికలో ఒక్కో గుర్తుకు ఉన్న నంబర్లు. "తెలుగు" మనకు మూడు అక్షరాలు, లెన్ అడిగితే 6 అంటుంది, ఎందుకంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము దేనికది వేరు. దీనివల్ల వెతుకులాటలో ఏమవుతుందో చూడండి:

వాక్యం = "కలెక్టర్ గారికి కల వచ్చింది"

ఇందులో "కల" కోసం ఫైండ్ చేస్తే 0 వస్తుంది, కౌంట్ చేస్తే 2 వస్తుంది. కలెక్టర్‌లో క, ల వరుసగా ఉన్నాయి, ఎత్వం వాటి తర్వాత వచ్చింది కాబట్టి పైథాన్ లెక్కలో అక్కడా "కల" ఉన్నట్టే. మనక్కావాల్సిన కల 16 దగ్గర ఉంది. కలుపు, సకలం, కలకత్తా అన్నీ ఇలాగే వచ్చి పడతాయి.

అయితే నమూనా ఇచ్చి వెతికే రీజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ బి (మాట హద్దు గుర్తు) పెడితే పూర్తి మాట మాత్రమే దొరుకుతుంది కదా అంటారా, ఇంగ్లిష్‌కు సరే, తెలుగుకు అది పనికిరాదు. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్ గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను మాటలో భాగంగా చూడదు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (మాటలో అక్షరాల వరుస అని అర్థం)‌తో "తెలుగు"లో ఫైండ్ఆల్ చేస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. అందుకే బ్యాక్‌స్లాష్ బి పెట్టినా కలెక్టర్ పోదు, ల తర్వాతే మాట అయిపోయిందనుకుంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే "ఊరు" లాంటి మాటకు రెండు వైపులా అది పెట్టి "ఊరు వెళ్లాను"లో వెతికితే ఏమీ దొరకదు, చివర ఉన్న కొమ్ము, దాని పక్క ఖాళీ రెండూ దాని దృష్టిలో మాటలో లేనివే, మధ్యలో హద్దు ఎక్కడినుంచి వస్తుంది?

కాబట్టి హద్దు మనమే రాసుకోవాలి. ముందూ వెనకా తెలుగు కోడ్ పాయింట్ ఏదీ ఉండకూడదు అని చెప్పడమే:

(?<![ఁ-౯])కల(?![ఁ-౯])

అరసున్న నుంచి తెలుగు తొమ్మిది అంకె దాకా మధ్యలో మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, పొల్లు అన్నీ ఉన్నాయి. దీన్ని ఆర్‌ఈ డాట్ సెర్చ్‌కు ఇస్తే 16 దగ్గరి కల ఒక్కటే వస్తుంది, అన్ని చోట్లూ కావాలంటే ఫైండ్‌ఇటర్. ఇదంతా ఎందుకనుకుంటే మాడ్యూళ్లు దించే పిప్‌తో రీజెక్స్ అనే వేరే మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసుకోండి, దాంట్లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తెలుగు మాటను ముక్కలు చేయదు. తరచూ తెలుగుతో పని ఉంటే నేను అదే వాడమంటాను.

ఇప్పుడు దీనికి ఎదురు సమస్య. పూర్తి మాట అంటూ గిరి గీస్తే కలలో, కలలు, కలను అన్నీ తప్పిపోతాయి. మన భాషలో విభక్తి మాటకే అతుక్కుంటుంది కాబట్టి వాటిని కూడా ప్యాటర్న్‌లో చెప్పాలి:

(?<![ఁ-౯])కల(?:లు|లో|లకు|కు|ను)?(?![ఁ-౯])

ఇల్లు లాంటి మాటలకు ఇదీ చాలదు, ఇల్లు ఇంటికి, ఇంట్లో, ఇళ్లలో అని మొదలే మారిపోతుంది. ఇల్ల, ఇంట, ఇళ్ల అని మూడు మొదళ్లు ఇవ్వాలి, ఇచ్చాక ఇంటర్, ఇంటర్వ్యూ, ఇంటర్నెట్ కూడా వచ్చేస్తాయి కాబట్టి ఇంట తర్వాత ర ఉండకూడదని ఇంకో షరతు పెట్టాలి. ఏ మాట వెతుకుతున్నా ముందు దాని రూపాలు కాగితం మీద రాసుకుని తర్వాత ప్యాటర్న్ కట్టడం మంచిది.

మాట కళ్లెదుటే ఉన్నా దొరక్కపోవడం ఇంకో రకం. "హైదరాబాద్‌లో" అన్నప్పుడు ద్ కింద ల వత్తు పడకుండా చాలా కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాయి, దాని కోడ్ 200సి. మీరు వెతికే మాటలో అది లేకపోతే, లేదా మీ దాంట్లో ఉండి ఫైల్‌లో లేకపోతే, ఇన్ ఫాల్స్ అంటుంది. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే కోడ్ పాయింట్‌గా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి. చూడ్డానికి ఒకటే, పైథాన్‌కు వేరు.

మందు చిన్నదే. శుభ్రం అని ఒక ఫంక్షన్ రాసుకోండి (పైథాన్ 3లో ఫంక్షన్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు). అందులో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చండి (రెండు రకాల ఐత్వం ఒకటే అవుతుంది), 200సి, 200డి గుర్తులను రీప్లేస్‌తో తీసేయండి, స్ప్లిట్ చేసి ఒక్క ఖాళీతో జాయిన్ చేయండి. వెతికే మాటకూ, వెతకాల్సిన టెక్స్ట్‌కూ రెండిటికీ ఇది చేయాలి, ఒకదానికే చేస్తే లాభం లేదు. శుభ్రం చేసింది వెతకడానికి మాత్రమే, తిరిగి ఫైల్‌లో సేవ్ చేయకండి, చదివేవాళ్లకు ద్ కింద వత్తు పడి కనిపిస్తుంది. శుభ్రం చేసినదాంట్లో దొరికిన చోటు అసలు టెక్స్ట్‌లో అదే చోటు కాకపోవచ్చు, అందుకే లైన్లవారీగా వెతికి, దొరికిన లైన్‌ను అసలు రూపంలో మొత్తంగా చూపించండి. లైన్‌ను నంబర్లతో కోసి చూపిస్తే కలెక్టర్ మొదటి రెండు కోడ్ పాయింట్లు "కల" అయి కూర్చుంటాయి.

యూజర్ టైప్ చేసిన మాటను ప్యాటర్న్‌లో పెట్టేముందు ఆర్‌ఈ డాట్ ఎస్కేప్ తప్పనిసరి. "రూ.500" అని వెతికితే మధ్యలో చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది, విడి బ్రాకెట్ ఒకటి ఉంటే ప్రోగ్రామే ఆగిపోతుంది. అంకెల విషయంలో బ్యాక్‌స్లాష్ డి తెలుగు అంకెలనూ పట్టుకుంటుంది, అది మనకు మంచిదే.

ఇవన్నీ చేసినా ఒక్క మాటా దొరకట్లేదంటే ఫైల్‌నే చూడండి. ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8 (యూనికోడ్ టెక్స్ట్‌ను ఫైల్‌లో దాచే పద్ధతి) అని ఇచ్చారా? పాత డీటీపీ ఫైల్ నుంచి కాపీ చేసిన టెక్స్ట్ అయితే అది తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, తెలుగు రూపమంతా ఆ ఫాంట్‌దే. దాన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చుకోవాలి, అప్పటిదాకా ఏ ఫంక్షన్ వాడినా మాట దొరకదు.