టచప్ గన్‌తో ఫినిష్ రావట్లేదా? కొత్త గన్ కొనేముందు ఇవి చూడండి

బంపర్ మూల మీద గీత, డోర్ మీద చిన్న సొట్ట, బైక్ ట్యాంకు మీద రాయి తగిలి లేచిన పెయింటు, ఇలాంటి అరచేయంత పనికి పెద్ద గన్ పట్టుకుంటే మాస్కింగ్ పెరుగుతుంది, పెయింటు వేస్టవుతుంది, పక్క ప్యానెల్ మీద కూడా దుమ్ములా పడుతుంది. అందుకే చిన్న పెయింటు స్ప్రే గన్, అదే టచప్ గన్, కొంటారు, మంచి పనే. కానీ కొన్న కొద్దిరోజులకే గన్ బాలేదు, ఫినిష్ రావట్లేదు, ఇంకోటి ఏది కొనాలి అని అడుగుతారు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో అయినా, ఇంటి ముందు కంప్రెసర్ పెట్టుకుని సొంతంగా చేసుకునేవాళ్ళైనా అదే ప్రశ్న. అలా అడిగిన గన్లలో నిజంగా పనికిరానివి చాలా తక్కువ, మిగతావన్నీ గన్ బయట ఉన్న సమస్యలే. గన్ పట్టుకోవడం, పెయింటు కలపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

గన్ ఆగి ఆగి కొడుతోంది, చుక్కలు కక్కుతోంది

ముందు కప్పు మూత మీద ఉన్న చిన్న కన్నం చూడండి. దయచేసి ముందు అదే చూడండి. ఆ కన్నంలో నిన్నటి క్లియర్ (రంగు మీద చివర కొట్టే మెరుపు పొర) ఎండిపోయి ఉంటే కప్పులోకి గాలి వెళ్ళదు, పెయింటు కిందికి దిగదు, గన్ దగ్గుతున్నట్టు కొడుతుంది. మూత కొంచెం వదులు చేసి ఒకసారి కొట్టండి, సరిగ్గా వస్తే సంగతి అక్కడే తేలిపోయింది, పళ్ళపుల్లతో శుభ్రం చేస్తే చాలు. ఈ ఒక్క కన్నం చూడకుండా గన్ మొత్తం విప్పి, నీడిల్ (నోజిల్‌ని మూసే సూది) తీసి, ప్యాకింగ్ (నీడిల్ చుట్టూ ఉండే సీలు) పీకి, మళ్ళీ బిగించడం రాక షాపుకి తీసుకొచ్చేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

కన్నం బాగానే ఉందా, అప్పుడు కప్పులోకి చూడండి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పెయింటులో బుడగలు లేస్తుంటే గాలి వెనక్కి కప్పులోకి వస్తోందన్నమాట. ఫ్లూయిడ్ నోజిల్ (పెయింటు బయటికి వచ్చే మూతి) వదులుగా ఉండొచ్చు, లేదా అది కూర్చునే చోట ఎండిన పెయింటు పొర ఉండొచ్చు. విప్పి తుడిచి గన్‌తో ఇచ్చిన స్పానర్‌తోనే బిగించండి, కటింగ్ ప్లయర్ పెడితే అంచు పాడవుతుంది. నీడిల్ ప్యాకింగ్ వదులైనా అక్కడినుంచి గాలి లాగి ఇలాగే చేస్తుంది. ఒక చుక్క నూనె వేసి, నీడిల్ స్వేచ్ఛగా కదిలేంతవరకే నట్టు బిగించాలి, ఎక్కువ బిగిస్తే నీడిల్ వెనక్కి రాదు.

ఇక వడకట్టకుండా పోసిన పెయింటుకి ఏ గన్ అయినా ఇంతే. చిన్న గన్లో నోజిల్ ఎంత చిన్నదైతే వడపోత అంత ముఖ్యం.

ఫ్యాను ఒక పక్కకే పడుతోంది

ఫ్యాను అంటే గన్ నుంచి విసనకర్రలా విచ్చుకుని పడే పెయింటు. పాత పేపరు మీద ఒకసారి కొట్టి అచ్చు చూడండి. తర్వాత ఎయిర్ క్యాప్‌ని (నోజిల్ ముందు ఉండే, గాలి కన్నాలున్న మూత) సగం చుట్టు తిప్పి మళ్ళీ కొట్టండి. బరువు పడే పక్క కూడా దాంతోపాటు తిరిగితే తప్పు ఎయిర్ క్యాప్‌లో ఉంది, దాని రెండు పక్కలా ఉండే కొమ్ముల కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. తిరగకుండా అదే పక్క ఉండిపోతే తప్పు ఫ్లూయిడ్ నోజిల్ అంచులో ఉంది. ఎయిర్ క్యాప్ ఒక్కటి థిన్నర్లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగండి. గుండుసూది, ఇనుప తీగ లోపల దూర్చొద్దు, ఆ కన్నాల అంచు చెడితే ఇక ఆ క్యాప్ మార్చడమే. గన్ మొత్తం రాత్రంతా థిన్నర్లో ముంచి పెట్టే అలవాటుంటే అది కూడా మానేయండి, లోపల ప్యాకింగులు, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

పేపర్ మీద బాగుంది, ప్యానెల్ మీద షేడ్ ముదురుగా వస్తోంది, క్లియర్ నారింజ తొక్కలా ఉంటోంది

అసలు మనుషుల్ని తిప్పలుపెట్టేది ఇదే. నాకు కూడా ఎక్కువ పని పెట్టిన కారణం ఇదే, ఎందుకంటే చూడటానికి ఇది గన్ సమస్యలా ఉండదు, ఒకసారి పెయింటు సమస్యలా ఉంటుంది, ఒకసారి థిన్నర్ సమస్యలా, ఒకసారి చేతి సమస్యలా.

జరిగేది ఇలా ఉంటుంది. సిల్వర్ లేదా గ్రే మెటాలిక్ బండి. కోడ్ చూసి పెయింటు కలిపించారు. పేపర్ మీద చిన్నగా రెండు సార్లు కొట్టి చూశారు, షేడ్ కలిసింది, చుక్క సన్నగా పడింది. ప్యానెల్ మీదకి వెళ్ళారు, టచప్ చేసిన చోటు మచ్చలా ముదురుగా కనిపిస్తోంది. నేరుగా మిక్సింగ్ షాపుకి వెళ్ళి షేడ్ తేడా ఇచ్చారని గొడవ. వాళ్ళు మళ్ళీ కలిపిస్తారు, మళ్ళీ అదే. ఇక క్లియర్ దగ్గర తొక్కలా వస్తుంటే థిన్నర్ ఎక్కువ పోస్తారు, అది కారుతుంది, కారిందని పెయింటు తగ్గిస్తారు, పొర పల్చనవుతుంది, కంపౌండింగ్‌లో, అంటే చివర పాలిష్ పట్టేటప్పుడు, క్లియర్ తెగి కింది రంగు పొర, అదే బేస్, బయటపడుతుంది. చివరికి గన్ బాలేదని తేల్చి కొత్తది కొంటారు. కొత్త గన్లో కూడా అదే, ఎందుకంటే హోస్ పాతదే, దాన్ని గన్‌కి తగిలించే కప్లర్ పాతదే.

కారణం గాలి. కంప్రెసర్ దగ్గర గేజ్ చూసి 30 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) ఉంది కదా అనుకుంటారు. అది ట్రిగ్గర్ నొక్కనప్పటి లెక్క. గాలి కదలనప్పుడు హోస్ ఎంత సన్నమైనా, కప్లర్ ఎంత ఇరుకైనా రెండు చివర్లా ఒకే ప్రెషర్ చూపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కి గాలి పరిగెత్తడం మొదలయ్యాక ఆ ఇరుకుల్లో ప్రెషర్ పడిపోతుంది, గన్ హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి 30 కాస్తా 18, 16 అవ్వొచ్చు. చిన్న గన్లు చాలావరకు ఇన్లెట్ దగ్గర 20 నుంచి 29 పీఎస్ఐ అడుగుతాయి, హెచ్‌వీఎల్‌పీ రకం (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో కొట్టేది) అయితే క్యాప్ దగ్గర 10 పీఎస్ఐ దాకా ఉండాలి. అది అందకపోతే పెయింటు సన్నటి పొగలా విరగదు, పెద్ద చుక్కలుగా తడిగా పడుతుంది. మెటాలిక్ తడిగా పడితే లోపలి అల్యూమినియం రేకులు పొరలోకి దిగిపోతాయి, షేడ్ ముదురుగా కనిపిస్తుంది. పొడిగా పడితే రేకులు పైన ఉండి లేతగా కనిపిస్తుంది. అంటే పెయింటు డబ్బా ఒకటే, గాలి తేడాతో షేడ్ రెండు రకాలుగా వస్తుంది. క్లియర్ విషయంలో ఇవే పెద్ద చుక్కలు కలిసిపోయి చదునవ్వకముందే గట్టిపడి ఆ తొక్క వస్తుంది.

మరి పేపర్ మీద ఎందుకు బాగుంది? ఇక్కడే అందరూ మోసపోతారు. ట్రిగ్గర్ ఒక్క సెకను నొక్కి వదిలితే హోస్‌లో ముందే నిండి ఉన్న గాలి చాలు, ఆ సెకను గన్‌కి పూర్తి ప్రెషర్ అందుతుంది. ప్యానెల్ మీద ఒక చివరనుంచి ఇంకో చివరకి ఆపకుండా వెళ్ళినప్పుడు హోస్‌లో నిల్వ అయిపోతుంది, ఇరుకులు బయటపడతాయి. అందుకే పేపర్ మీద టెస్ట్ కూడా ప్యానెల్ మీద కొట్టినంతసేపు కొట్టాలి, లేకపోతే ఆ టెస్ట్‌కి అర్థం లేదు.

కనుక్కోవడం కష్టం కాదు. గన్ హ్యాండిల్ కింద, హోస్ తగిలించే చోట ఒక చిన్న గేజ్ పెట్టండి, టీ ఫిట్టింగ్‌తో (మూడు దారుల జాయింటు) అయినా చాలు. కప్పులో పెయింటు లేకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి కనీసం పది సెకన్లు పట్టుకోండి. ముల్లు ఎక్కడ నిలబడిందో అదే మీ అసలు ప్రెషర్. కంప్రెసర్ దగ్గర గేజ్‌ని మర్చిపోండి.

పడిపోతోందా, అప్పుడు ఒక్కొక్కటి మార్చుతూ చూడండి. మొదట కప్లర్. గన్లతోపాటు తక్కువ ధరకి ఇచ్చే క్విక్ కప్లర్ లోపల కన్నం చాలా ఇరుకు, విప్పి వెలుతురుకి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కప్లర్ తీసేసి హోస్ నేరుగా బిగించి మళ్ళీ గేజ్ చూడండి, తేడా తెలిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత హోస్. స్ప్రింగులా చుట్టుకుపోయే పీయూ (ఒక రకం ప్లాస్టిక్) హోస్ చాలామంది వాడేది 8x5, అంటే బయట 8 ఎంఎం, లోపల 5 ఎంఎం మాత్రమే. టైర్లకి గాలి కొట్టడానికి, దుమ్ము ఊదడానికి అది సరిపోతుంది, పెయింటింగ్‌కి పనికిరాదు. 12x8 తీసుకోండి, లోపల 8 ఎంఎం, అంగుళాల్లో దాదాపు 5/16. పొడవు అవసరమైనంతే. పెద్ద గన్‌తో అయితే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, 25 అడుగుల 1/4 అంగుళం హోస్‌లో 40 పీఎస్ఐ పంపితే సుమారు 12 పీఎస్ఐ దారిలోనే పోతుంది, అదే 5/16 హోస్ అయితే పోయేది అందులో మూడో వంతు దగ్గర. చిన్న గన్ తక్కువ గాలి తాగుతుంది కాబట్టి నష్టం తక్కువే, కానీ చిన్న గన్ పని చేసే ప్రెషర్ కూడా తక్కువే కదా, నాలుగైదు పీఎస్ఐ పోయినా ఫినిష్‌లో కనిపిస్తుంది.

గన్ హ్యాండిల్‌కి తగిలించే బుల్లి రెగ్యులేటర్లని కూడా అనుమానించండి. కొన్ని వాటంతట అవే గాలికి అడ్డం. చివరగా ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి.

చాలామంది చేసేది వీటిల్లో ఏదీ మార్చకుండా కంప్రెసర్ దగ్గర 60కి పెంచేయడం. అలా చేస్తే ట్రిగ్గర్ నొక్కిన మొదటి క్షణం గాలి దెబ్బలా వస్తుంది, పెయింటు పొడిగా చిమ్ముతుంది, ఆ తర్వాత ప్రెషర్ జారిపోయి తడిగా పడుతుంది. ఒకే పాస్‌లో మొదలు లేత, చివర ముదురు. మెటాలిక్ మీద చారలు వచ్చేది చాలావరకు ఇలాగే. ఇరుకు తీసేయండి, ప్రెషర్ తగ్గించి పెట్టుకోండి.

అంచులు గరుకుగా ఉంటున్నాయి, టచప్ చుట్టూ వలయం కనిపిస్తోంది

ఇది పై దానికి తిరగబడిన సమస్య, గాలి ఎక్కువ లేదా దూరం ఎక్కువ. పెద్ద గన్ అలవాటుతో చిన్న గన్‌ని కూడా ఎనిమిది అంగుళాల దూరంలో పట్టుకుంటారు. చిన్న గన్ నాలుగు నుంచి ఆరు అంగుళాల్లోనే ఉండాలి. ఎండాకాలం అయితే థిన్నర్ మార్చండి, మే నెలలో మధ్యాహ్నం షెడ్డులో ఫాస్ట్ థిన్నర్ వాడితే చుక్క ప్యానెల్‌ని చేరేలోపే ఎండిపోతుంది. స్లో థిన్నర్ వాడండి, కుదిరితే పొద్దున్నే కొట్టేయండి. వలయం పోవాలంటే బేస్ ఒక్కో కోటు కొంచెం కొంచెం బయటికి జరుపుతూ వెళ్ళి, చివర బ్లెండర్‌తో (అంచు కలిపే థిన్నర్) అంచు కరిగించాలి. క్లియర్ మాత్రం కుదిరినంతవరకు ప్యానెల్ అంచు దాకా లాగేయండి, మధ్యలో ఆపిన క్లియర్ గీత ఏదో ఒకరోజు కనిపిస్తుంది.

మిగతావి

చేపకళ్ళలా గుంటలు పడుతుంటే ప్యానెల్ మీద నూనె లేదా సిలికాన్ పాలిష్ ఉందన్నమాట, వ్యాక్స్ రిమూవర్‌తో రెండుసార్లు తుడవండి. నీటి బుడగలైతే ట్యాంకు కింద వాల్వ్ విప్పి నీళ్ళు తీసేయండి, కాకినాడ, విశాఖ వైపు తేమకి రోజూ తీయాల్సిందే, వాటర్ ట్రాప్ కూడా కంప్రెసర్‌కి ఆనించి కాకుండా గాలి చల్లారాక దూరంగా పెట్టండి. నీడిల్ వంగిపోవడం, గన్ బాడీకి పగులు, ఇవి చాలా అరుదు, కింద పడేస్తే తప్ప రావు. వాటి గురించి ఆలోచించే పనే లేదు.

అన్నీ చూశాక కూడా గన్ మార్చాల్సిందే అంటే

అందరూ ముందు నోజిల్ సైజు అడుగుతారు. ముందు అడగాల్సింది ఈ గన్ నిమిషానికి ఎంత గాలి తాగుతుంది, ఏ ప్రెషర్ దగ్గర అని. మీ కంప్రెసర్ ఒక హెచ్‌పీ అయితే నిజంగా వచ్చే గాలి మూడు నాలుగు సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు), లేబుల్ మీద పెద్ద నంబర్ ఉంటే అది తరచుగా పిస్టన్ లోపలికి లాగే గాలి లెక్కే, చేతికొచ్చేది అందులో మూడింట రెండొంతులు అనుకోండి. పెద్ద హెచ్‌వీఎల్‌పీ గన్ పది సీఎఫ్ఎం పైన కూడా అడుగుతుంది, చిన్నవి రెండు నుంచి ఐదు. మీ కంప్రెసర్ ఇచ్చేదానికంటే తక్కువ తాగే గన్ తీసుకోండి, అంచు దాకా లెక్కపెట్టి కొనొద్దు.

నోజిల్ విషయానికొస్తే బేస్ కోట్ టచప్‌కి 0.8 లేదా 1.0 ఎంఎం చాలు, క్లియర్‌కి 1.0 నుంచి 1.2. ప్రైమర్‌కి దీన్నే వాడాలనుకోకండి, సర్ఫేసర్ (గీతలు నింపే ప్రైమర్) చిక్కన, దానికి 1.3 పైన ఉన్న వేరే గన్ ఉంటే మంచిది, తక్కువ ధరదైనా పర్వాలేదు. రూపాయి బిళ్ళ కన్నా చిన్న మచ్చలకి ఎయిర్ బ్రష్ తీసుకోవచ్చు, కాకపోతే 0.2, 0.3 నోజిల్‌లో మెటాలిక్ రేకులు ఇరుక్కుంటాయి, 0.5 దగ్గర ఉండేది చూడండి. ఇవాటా ఎల్‌పీహెచ్-80లో 0.4 నుంచి 1.2 దాకా నోజిళ్ళు దొరుకుతాయి, సాటా మినీజెట్, డెవిల్‌బిస్ ఎస్ఆర్ఐ కూడా ఇదే పనికి తయారైనవి, వీటికి డబ్బు పెట్టగలిగితే పెట్టండి. పెట్టలేకపోతే 125 ఎంఎల్ కప్పుతో వచ్చే హెచ్-2000 రకం చైనా గన్‌తో కూడా మంచి టచప్ వస్తుంది, గాలి సరిగ్గా అందితే. ఏది కొన్నా నోజిల్, నీడిల్, క్యాప్ సెట్టు, ప్యాకింగులు విడిగా దొరుకుతాయా అని ముందే అడగండి, దొరకవంటే ఆ గన్ వదిలేయండి.

కౌంటర్ దగ్గరే కప్పులో కొంచెం థిన్నర్ పోయించి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు వేలాడదీయమనండి. నోజిల్ కొసన చుక్క వేలాడితే నీడిల్ సరిగ్గా కూర్చోలేదు, ఇంకో పీసు అడగండి. క్యాప్ మధ్య కన్నంలో నోజిల్ సరిగ్గా నడిమధ్య ఉందా, చుట్టూ ఖాళీ సమానంగా ఉందా వెలుతురుకి పెట్టి చూడండి. మంచి షాపువాళ్ళు దీనికి విసుక్కోరు. టూకే (హార్డ్‌నర్ కలిపి వాడే) క్లియర్ కొట్టే ఉద్దేశం ఉంటే అదే బిల్లులో కార్ట్రిడ్జి మాస్కు కూడా రాయించండి, ఆ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే హానికర రసాయనం ఉంటుంది, ముక్కుకి కట్టుకునే గుడ్డ దాన్ని ఏమాత్రం ఆపదు.