రాత్రి గొలుసు విప్పే ముందు: జీవాల మందలూ, కుక్కల యజమానుల బాధ్యతలూ

జనవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు చుట్టుపక్కల పొలాల్లో రెండు రకాల కాపలాలు సాగుతుంటాయి. మిరప కల్లాల్లో ఎండుతున్న కాయను కాచుకోవడానికి రైతులు మంచాలు వేసుకుని అక్కడే పడుకుంటారు. తోడుగా ఇంటి కుక్కను కూడా తీసుకువెళ్లేవారు చాలామంది. అక్కడికి కూతవేటు దూరంలో, వరి కోసిన మాగాణిలోనో పత్తి పీకేసిన చేలోనో, ఎరువు కోసం మరో రైతు కట్టించుకున్న గొర్రెల మంద రాత్రికి విడిది చేస్తుంది. కల్లంలోని కుక్క అర్ధరాత్రి దాటాక ఒక తిరుగుడు తిరిగి వచ్చి, తెల్లవారేసరికి మంచం కింద బుద్ధిగా పడుకుని ఉంటుంది. మంద దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి కాపరి వచ్చినప్పుడు యజమాని నోట మొదట వచ్చే మాట ఒకటే: ‘మా కుక్క అలాంటిది కాదు.’

ఈ మాట చాలాసార్లు నిజాయతీగానే వస్తుంది. ఇంట్లో పిల్లలతో ఆడుకునే కుక్క, కోళ్ల జోలికి కూడా పోని కుక్క, పరుగెత్తుతున్న గొర్రెను చూడగానే మారిపోతుంది. వెంటాడటం కుక్క పుట్టుకతో వచ్చిన గుణం. దానికీ ఆకలికీ సంబంధం తక్కువ. కడుపు నిండా తిన్న కుక్క కూడా బెదిరిన జీవాన్ని తరుముతుంది, అది పడిపోతే వదిలేసి మరొకదాని వెంట పడుతుంది. కాబట్టి నక్క వచ్చిన మందలో ఒక పిల్ల మాయమైతే, కుక్కలు పడిన మందలో ఐదారు జీవాలు వెనుక కాళ్ల మీద, తొడల మీద, చెవుల మీద, గొంతు దగ్గర గాట్లతో పడి ఉంటాయి, మాంసం మాత్రం పెద్దగా తిని ఉండదు. ఒంటరిగా బెదురుగా ఉండే కుక్క సైతం మరో రెండు తోడైతే సాహసిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇక కరిచిన జీవాలతోనే నష్టం ఆగదు. బెదిరిన మంద ఒక మూలకు ఒదిగి ఒకదానిమీద ఒకటి పడటం వల్ల పిల్లలు ఊపిరాడక చనిపోతాయి. చూడి గొర్రెలు ఆ తరువాతి రోజుల్లో ఈసుకుపోవచ్చు, అంటే కడుపులోని పిల్ల పోవచ్చు. పాలిచ్చే తల్లులకు పాలు తగ్గుతాయి.

అందువల్ల కుక్కను పెంచేవారు మొదట సరిచేసుకోవలసింది రాత్రి అలవాటును. పగలంతా గొలుసుకు కట్టి, రాత్రి కాపలా పేరుతో విప్పి వదలడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ప్రహరీ లేని ఇంట్లో, కంచె లేని కల్లంలో విప్పిన కుక్క కాపలా కాయదు, ఊరు తిరుగుతుంది. ప్రహరీ ఉంటే గేటు కింద సందు లేకుండా చూసుకుని లోపలే వదలండి. కల్లంలో అయితే రెండు గుంజల మధ్య తీగ లాగి, గొలుసు కొసన ఉన్న ఉంగరం ఆ తీగ వెంట జారేలా కట్టండి; కుక్క కల్లం ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరగగలుగుతుంది, అలికిడి అయితే మొరగగలుగుతుంది, పొలిమేర దాటలేదు. కాపలాకు అంతకంటే కావలసింది లేదు.

అలాగని రోజంతా మూరెడు గొలుసుకు కట్టివేయడం పరిష్కారం కాదు. అలా కట్టిన కుక్క చిరాకు పెంచుకుంటుంది, తెగితే ముందు కరిచేది అదే. పైగా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో లేదా మోయలేనంత బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడమూ, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరాలే. ఉదయం, సాయంత్రం చేతిలో తాడు పట్టుకుని నడిపించండి. ఆ నడకలోనే దూరాన మేస్తున్న జీవాలను చూపించి, అటు లాగినప్పుడల్లా ఆపి, పిలిస్తే వెనక్కి వచ్చేలా అలవాటు చేయండి. ఈ పని కుక్కపిల్లగా ఉన్నప్పుడే చేయాలి. ఒకసారి జీవాల మీద పడి నెత్తురు రుచి మరిగిన కుక్కకు కొత్తగా బుద్ధి నేర్పడం చాలా కష్టం, దానిని ఇక ఎప్పటికీ మంద ఉన్న దిక్కున విప్పి వదలరాదు.

మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయించండి. మగకుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఎదకు వచ్చిన కుక్కల వెంట ఊళ్లు పట్టి తిరగడం తగ్గుతుంది. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, నెల తరువాత మరొకటి, ఆపై ఏటా ఒకటి తప్పనిసరి. జూలై 6న, సెప్టెంబరు 28న పశువైద్యశాలల్లో ఈ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకు టీకా, నట్టల మందు, సంతాన నియంత్రణ చేయించే బాధ్యత యజమానిదే. నగరంలో ఉండేవారు నగరపాలక సంస్థ నుంచి లైసెన్సు కూడా తీసుకోవాలి.

మీ పొలం పక్కన మంద దిగినప్పుడు మీరే వెళ్లి కాపరిని పలకరించి, కుక్క ఉన్నదని, దాని రంగు ఇదని, ఫోన్ నంబరు ఇదని చెప్పిరావడం మంచిది. పొరుగూరి నుంచి వచ్చిన కాపరికి ఆ చీకట్లో ఎవరిని పిలవాలో తెలియదు.

దాడి జరిగిపోతే ముందుగా కుక్కను కట్టివేసి, మంద దగ్గరకు స్వయంగా వెళ్లండి. ఉన్ని కింద గాయం పైకి సూది మొనంత కనిపించినా లోపల చర్మం కండనుంచి ఊడి ఉండవచ్చు. కాబట్టి ప్రతి జీవాన్నీ చేత్తో తడిమి చూడాలి, గాయం చుట్టూ ఉన్ని కత్తిరించాలి. చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బుతో పావుగంట సేపు ధారగా నీరు పోస్తూ కడిగి, పొవిడోన్ అయోడిన్ రాయండి. పసుపు, సున్నం, కారం అద్దవద్దు. ఈగలు వాలి పురుగు పడకుండా చూడాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం వస్తుంది. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి కూడా తెలియజేయండి. కుట్లు, యాంటీబయాటిక్ విషయం పశువైద్యునికే వదిలిపెట్టాలి.

కరిచిన కుక్కను చంపవద్దు, తరిమివేయవద్దు. కట్టి ఉంచి పది రోజులు గమనించాలి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన సమయానికి దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. అయితే ఆ గడువు కోసం టీకా ఆపరాదు. కరిపించుకున్న జీవాలకు సాధారణంగా 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. గాయాలను వట్టి చేతులతో తాకినవారు, ముఖ్యంగా చేతులపై గీతలు, పుండ్లు ఉన్నవారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. చనిపోయిన జీవాన్ని కోసి కుప్పలు వేసి అమ్ముకోవడం కొన్నిచోట్ల ఉన్నది. కుక్క కరిచిన జీవం విషయంలో ఆ పని చేయరాదు, దాని పాలు కూడా వాడరాదు.

పరిహారం విషయానికి వస్తే, గొడవ పెరిగేది ధర దగ్గర కాదు, రుజువు దగ్గర. కాపరి జీవాలను కదల్చకముందే గాయాలకు, నేలపై అడుగుల గుర్తులకు ఫోటోలు తీసుకోవాలి. పశువైద్యుని చేత పోస్టుమార్టం చేయించుకోవాలి. జీవాలకు బీమా ఉంటే చెవికి వేసిన గుర్తింపు పోగు తీయకుండా ఉంచాలి, ఎందుకంటే క్లెయిముకు అదే ఆధారం. 2024 ఫిబ్రవరిలో జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో చేసిన మార్పు ప్రకారం బీమా ప్రీమియంలో పెంపకందారు వాటా 15 శాతమే, కాబట్టి మంద ఉన్నవారు దానిని వదులుకోవలసిన పని లేదు. యజమాని వైపు నుంచి చూస్తే, సంత ధర కట్టిస్తే సరిపోయిందనుకోవడం పొరపాటు. చికిత్స ఖర్చూ, కడుపులో పోయిన పిల్లా లెక్కలోకి రావాలి. పెద్దమనుషుల ముందు ఒప్పందం కుదిరితే కాగితం మీద పెట్టుకోండి. కుదరకపోతే కోర్టుకు వెళ్లే ముందే న్యాయసేవా సంస్థ ద్వారా లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు.

భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ చూపించి కుక్క యజమానిని బెదిరించేవారున్నారు. ఆ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మనుషులకు ముప్పు వచ్చే సందర్భానికి వర్తిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక్క జీవాలకే నష్టం జరిగినప్పుడు మార్గం సివిల్ పరిహారమే. కావాలని కుక్కను ఉసిగొల్పితే మాత్రం జంతువును చంపడం, గాయపరచడం గురించిన 325వ సెక్షన్ కిందకు వస్తుంది, శిక్ష ఐదేళ్ల వరకు ఉండవచ్చు.

అదే 325వ సెక్షన్ మాంసంలో పురుగుల మందు కలిపి పెట్టేవారికీ వర్తిస్తుంది. మిరప, పత్తి పండే ఊళ్లలో ఆ డబ్బా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి కోపంలో చేయి అటే పోతుంది; తీరా చచ్చేది మందను కాచే కాపరి కుక్కే కావచ్చు. వీధి కుక్కలే కారణమైతే పంచాయతీకి గానీ, పురపాలక సంస్థకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. వాటిని పట్టి, ఆపరేషన్, టీకా చేయించి, పట్టిన చోటే వదలడం స్థానిక సంస్థ విధి. రేబిస్ అనుమానం ఉన్న కుక్కలనూ, దూకుడుగా ప్రవర్తించే కుక్కలనూ అలా వదలరాదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది కాబట్టి, ఫిర్యాదులో దాడి తేదీలు, చనిపోయిన జీవాల సంఖ్య స్పష్టంగా రాయాలి.

చివరగా కళేబరాల సంగతి. చచ్చిన గొర్రెను కాలువ గట్టున పడేస్తే ఊరి కుక్కలన్నిటికీ ఆ రుచి అలవాటు చేసినట్టే. కోడి మాంసం కొట్ల వ్యర్థాలు రోడ్డు పక్కన గుమ్మరించడమూ అంతే. లోతైన గోతిలో పాతి, సున్నం చల్లి, పైన ముళ్లకంప పరచాలి. కాపరులు తమ కుక్కలకు గొర్రె తలకాయ వేయడం కూడా మానుకోవాలి. గొర్రె మెదడులో ఉండే నీటి బుడగలు తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, ఆ గడ్డి మేసిన గొర్రెల మెదడులో మళ్లీ బుడగలు ఏర్పడి అవి ఒకే వైపు గిరగిర తిరుగుతూ చస్తాయి. మూడు నెలలకొకసారి కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మాత్ర వేయించండి. మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూకం వేయించాకే మాత్ర అడగండి.