కాలికి వాల్వు వేయించుకోవాలనుకుంటే ముందు చేయాల్సిన పనులు

తిరుపతిలో డ్రెస్సింగ్ గదిలో నర్సును. కాళ్ళ పుళ్ళు కడిగి కట్లు కట్టడం నా పని. ఈ మధ్య కట్టు విప్పుతుండగానే ఫోన్ తీసి వీడియో చూపించేవాళ్ళు ఎక్కువయ్యారు. "సిస్టరమ్మా, కాలి నరంలో కొత్త వాల్వు పెడతారంట గదా! అది ఏయించుకుంటే ఈ కట్ల పీడ పోతాది గదా?" అంటారు. అడిగేది ఎక్కువగా రోజంతా నిలబడి బతికేవాళ్ళే. దోసె పెనం ముందు నిలబడే టిఫిన్ మాస్టర్లు, గాంధీ రోడ్డు బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లలు, మామిడి సీజన్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయలు కోసే అక్కలు. వాళ్ళకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

బావి మోటారుకు ఫుట్ వాల్వు చెడితే పైకెక్కిన నీళ్ళు మళ్ళీ బావిలోకే జారిపోతాయి కదా, కాలి సిరల్లోనూ, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాల్లోనూ, జరిగేది అదే. నడిచినప్పుడల్లా పిక్క కండ రక్తాన్ని పైకి తోస్తుంది. సిర లోపలి చిన్న రేకులు దాన్ని కిందికి రానివ్వవు, అవే వాల్వులు. ఊరికే నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 80, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వాల్వులు బాగున్న మనిషి నాలుగడుగులు వేస్తే అది 30 చుట్టుపక్కలకు దిగుతుంది. వాల్వులు చెడినవాళ్ళకు ఎంత నడిచినా అంతగా దిగదు. సాయంత్రానికి వాపు, తర్వాత చర్మం నల్లబడటం, దురద, గట్టిపడటం, చివరికి చీలమండకు లోపలి వైపు కాస్త పైన పుండు. ఆ చోట పుండు చూడగానే నా చేయి ముందు పాదం మీది నాడి వెతుకుతుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

వాల్వు సంగతి పక్కన పెట్టి మొదట చేయించాల్సింది సిరలో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్. అది మిమ్మల్ని నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే రక్తం గడ్డ ఉందో లేదో తెలుస్తుంది గానీ, వెనక్కి జారే రక్తం సరిగా పట్టుబడదు. "సార్, నిలబెట్టి చూస్తారా?" అని అడగండి, ఎవరూ కోప్పడరు. నేను కట్టిన కట్టు ఉన్నా సరే, విప్పేసి వెళ్ళండి.

రిపోర్టు చేతికొచ్చాక రెండు సంగతులు వెతకండి. రిఫ్లక్స్, అంటే రక్తం వెనక్కి జారడం, ఏ సిరలో ఉంది? ఎన్ని సెకన్లు ఉంది? చర్మం కింద ఉండే పై సిరలో, అంటే గజ్జ నుంచి చీలమండ దాకా వచ్చే సఫీనస్‌లో, అర సెకను దాటితే లెక్కలోకి తీసుకుంటారు. కండల లోపల ఉండే ఫెమోరల్, పాప్లిటియల్ సిరల్లో అయితే ఒక సెకను దాటాలి. "ఇన్‌కాంపిటెంట్" (వాల్వు పనిచేయడం లేదు) అని మాత్రం రాసి, సిర పేరు, సెకన్లు ఏవీ లేకపోతే ఆ రిపోర్టు సగమే. వెనక్కిచ్చి రాయించుకోండి.

చెడింది పై సిర ఒక్కటే అయితే మీకు కొత్త వాల్వు అవసరమే లేదు. ఆ సిరను మూసేస్తారు, రక్తం లోపలి సిరల దారిన పోతుంది. లేజర్ అన్నా, రేడియో ఫ్రీక్వెన్సీ అన్నా వేడితో మూయడమే. నురగ మందు ఎక్కించడం ఇంకొక పద్ధతి. వీనాసీల్ లాంటి జిగురుతో అతికించడం మరొకటి, దానికి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. ఆ జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి ప్లాస్టర్లు, జిగుర్లు పడక ఒళ్ళు దద్దుర్లెక్కేవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. పుండు ఉంటే సిర మూయించడానికి ఆలస్యం చేయకండి. కట్టుతో పాటు సిరను కూడా త్వరగా మూస్తే పుండు తొందరగా మానుతుందని 2018లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. నా గదికొచ్చేవాళ్ళలో ఏళ్ళ తరబడి ఒట్టి కట్లతోనే నెట్టుకొచ్చేవాళ్ళను చూస్తే నాకు కోపమొస్తుంది. వాళ్ళ మీద కాదు, స్కానుకు పంపనివాళ్ళ మీద.

లోపలి సిర చెడితే కథ వేరు. ఎప్పుడో రక్తం గడ్డకట్టి కాలు వాచినవాళ్ళలో ఇది ఎక్కువ. గడ్డ కరిగినా వాల్వు రేకులు మచ్చబడి పోతాయి. ఇక్కడ పొత్తికడుపులో ఉన్న ఇలియాక్ సిర కూడా నొక్కుకుపోయిందా అని తప్పకుండా అడగండి, ముఖ్యంగా ఎడమ కాలు వాస్తుంటే. కుడి కాలికి గుండె నుంచి రక్తం తెచ్చే ధమని ఎడమ సిర మీదుగా పోతుంది, కొందరిలో దాన్ని వెన్నెముకకు అదిమేస్తుంది. అలాంటప్పుడు స్టెంట్ అనే జాలీ గొట్టం వేస్తారు. స్టెంట్ దారి తెరుస్తుందే గానీ వాల్వు పని చేయదు. "వాల్వు ఏసినారు" అని చెప్పుకుంటూ స్టెంట్ కార్డు చూపించేవాళ్ళున్నారు. మీ కాలిలో ఏది పెట్టారో కార్డు మీద చదివించుకుని, దాన్ని ఆధార్ కార్డుతో పాటే దాచుకోండి.

ఇక మీరు అడిగే అసలు వాల్వు. లోపలి సిర వాల్వును కుట్టి బాగుచేయడం కొత్తేమీ కాదు. హవాయిలో కిస్ట్నర్ అనే సర్జన్ 1968లోనే చేశారు. చేతి సిరలోంచి వాల్వున్న ముక్క తీసి కాలికి అతికించడమూ ఉంది. అమర్చే పరికరాల దగ్గరే చిక్కు. గుండెలో రక్తం జోరుగా పోతుంది, వాల్వు టపటపా కొట్టుకుంటుంది. కాలి సిరలో ఒత్తిడి తక్కువ, రక్తం నిదానం. పరాయి వస్తువు కనిపిస్తే గడ్డ కట్టడానికి చూస్తుంది. పైగా పడుకుంటే సిర సన్నబడుతుంది, నిలబడితే లావవుతుంది. అందుకే ఎన్నో నమూనాలు వచ్చి ఆగిపోయాయి.

మీ వీడియోల్లో ఎక్కువగా ఉండేది వీనోవాల్వ్. స్టీలు చట్రానికి పంది గుండె వాల్వు రేకు కుట్టిన పరికరం. తొడ కోసి ఫెమోరల్ సిరలో పెడతారు. మొదట కొలంబియాలో మనుషులకు అమర్చారు. తర్వాత అమెరికాలో 75 మందికి పెట్టి చూశారు, చాలామందికి నొప్పి, వాపు తగ్గాయని కంపెనీ చెప్పింది. కానీ 2025 ఆగస్టులో అమెరికాలో మందులకు, పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇవ్వలేమని చెప్పేసింది. తొడ కోయకుండా గొట్టంతో పంపే రకాన్ని కూడా అదే కంపెనీ తయారుచేస్తోంది. బ్లూలీఫ్ అనే ఇంకొక పద్ధతిలో బయటి వస్తువేదీ లోపల ఉంచరు. గొట్టం పంపి సిర గోడనే లోపలి నుంచి చీల్చి రేకులా చేస్తారు. అదీ పరిశోధనగా చేసి చూసిందే. పంది అనగానే కొందరు మొహం తిప్పుకుంటారు. గుండె వాల్వుల్లోనూ పందివి, ఆవువి ఉన్నాయి. మీకు పట్టింపు ఉంటే సిగ్గుపడకుండా ముందే అడగండి, ఆపరేషన్ బల్ల మీద కాదు.

ఎవరైనా "మీకు వాల్వు పెడతాం" అంటే ఇలా చేయండి. పరికరం పేరు, కంపెనీ పేరు కాగితం మీద రాయించుకోండి. దీనికి మన దేశంలో మందులకు, పరికరాలకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి ఉందా, లేక పరిశోధనా అని అడగండి. పరిశోధన అయితే అలాంటివి నమోదుచేసే ప్రభుత్వ జాబితా సీటీఆర్ఐలో నమోదు నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సంతకం పెట్టే పత్రం తెలుగులో ఇవ్వమనండి. ఇంటికి తెచ్చుకుని చదువుకునే టైమివ్వకపోతే సంతకం పెట్టొద్దు. ఇంకా పరీక్షలో ఉన్న పరికరానికి మీ దగ్గర డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. రక్తం పలచబడే మాత్రలు ఎన్నాళ్ళు వేసుకోవాలి, వాల్వులో గడ్డ కడితే ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఈ మూడూ అడగాల్సిందే. అభిప్రాయానికి గుండె డాక్టరు దగ్గరికి కాదు, రక్తనాళాల డాక్టరు, అంటే వ్యాస్కులర్ సర్జన్ దగ్గరికి వెళ్ళండి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దూరమేం కాదు, అక్కడ ఆ విభాగమే వేరుగా ఉంది. పై సిర ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

ఇదంతా తేలేదాకా, తేలాక కూడా, మీ కాలిని కాపాడేది స్టాకింగే, అంటే కాలిని బిగించి పట్టే పొడవాటి మేజోడు. అయితే ముందు పాదం నాడి చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు, బీడీ తాగేవాళ్ళు తప్పనిసరిగా చీలమండ దగ్గర బీపీ కొలిపించుకోవాలి. ధమని మూసుకుపోయిన కాలికి బిగుతు స్టాకింగ్ వేస్తే వేళ్ళు కుళ్ళే ప్రమాదం ఉంది. నేను నాడి వెతికేది ఇందుకే.

పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు నేల మీద పెడితే వాపు మొదలవుతుంది. వేళ్ళు తెరిచి ఉండే రకం కొనండి. పాదానికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీదుగా స్టాకింగ్ జారించండి. మడమ దాటాక వేళ్ళ వైపు నుంచి కవరు లాగేయండి. తర్వాత ప్యాంటు లాగినట్టు పైకి గుంజకుండా, అరచేతులతో కొంచెం కొంచెంగా పైకి నిమరండి. మోకాలి కింద ముడతపడితే అక్కడ తాడు కట్టినట్టే అవుతుంది. మే ఎండల్లో "ఊపిరాడదు సిస్టరమ్మా" అంటారు. నిజమే. మధ్యాహ్నం గంటసేపు విప్పి, కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టి పడుకుని, మళ్ళీ వేసుకోండి. ఆరు నెలలకు సాగిపోతుంది, కొత్తది కొనాలి. పుండు మీద పసుపు, ఆకు పసర్లు పెట్టొద్దు, వాటిని కడిగి తీసేటప్పుడు ఏడ్చేది మీరే.

ఉబ్బిన సిర పగిలి రక్తం చిమ్మితే కుర్చీలో కూర్చోబెట్టకండి, పైన తాడు కట్టకండి. పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటే గట్టిగా అదిమి పట్టుకోండి, ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. దానితో పాటు ఆయాసమొస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.