రిజిస్టర్లతో పనిచేసే సి కోడ్‌ని మిస్రా రూల్స్‌లోకి తేవడం ఎలా

మిస్రా అంటే సి కోడ్‌ని సురక్షితంగా రాయడానికి పెట్టిన రూల్స్. కోడ్ వాటిని పాటిస్తుందో లేదో చూసే చెకర్ రన్ చేయగానే వందల వార్నింగులు కనిపిస్తే టెన్షన్ పడి ప్రతిచోటా కాస్ట్ (విలువ టైపుని మనమే మార్చడం) పెట్టేసి దాని నోరు మూయించకండి, అసలు బగ్గులు దాక్కుంటాయి. మిస్రా సి 2012లో ముందు మ్యాండేటరీ రూల్స్ చూడండి, వాటికి మినహాయింపు లేదు.

ఆ తర్వాత టైపులు. ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో 90 ఉందనుకోండి, బిట్లన్నీ తిరగేసి నాలుగు స్థానాలు కుడికి జరిపితే 10 వస్తుందనుకుంటాం, కానీ తిరగేసేటప్పుడే అది ఎక్కువ బిట్లుండే ఇంట్‌గా మారిపోతుంది కాబట్టి మళ్లీ ఎనిమిది బిట్లలో పెట్టుకుంటే మామూలు కంపైలర్లలో 250 వస్తుంది. తిరగేసిన వెంటనే, జరపకముందే, యుఇంట్8_టికి (ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్ టైపుకి) కాస్ట్ చేయండి. కాస్ట్ నిజంగా కావాల్సింది ఇలాంటి చోటే.

రిజిస్టర్ (హార్డ్‌వేర్‌ని నడిపే మెమరీ చోటు) అడ్రస్ నంబర్‌ని పాయింటర్‌గా మార్చడం రూల్ 11.4కి విరుద్ధం, కానీ తప్పదు. ఆ మార్పులన్నీ ఒకే హెడర్ ఫైల్‌లో, వోలటైల్ (ప్రతిసారీ నిజంగానే చదవమని, రాయమని కంపైలర్‌కి చెప్పే పదం) మరిచిపోకుండా పెట్టి, ఏ రిజిస్టర్ కోసమో, అలైన్‌మెంట్ (అడ్రస్ ఆ టైపుకి సరిపడేలా ఉండటం) ఎలా చూసుకున్నారో డీవియేషన్ రికార్డులో, అంటే రూల్ ఎందుకు తప్పామో రాసుకునే పత్రంలో, రాయండి.